5 పౌండ్లు లేక పేటెంట్ పోయింది.. ఆ ఇంజిన్ వంశమే కాకినాడలో కరెంట్ ఇచ్చింది! ఎవరీ ఫ్రాంక్ విటిల్?

బోరబండ, ఫిలింనగర్ వైపు షూటింగ్ అంటే జనరేటర్ వ్యాన్ రావాల్సిందే. అది డీజిల్ బండి. మరి ఒక ఊరంతటికీ అర్జెంటుగా కరెంట్ కావాలంటే? అప్పుడు ట్రైలర్ల మీద గ్యాస్ టర్బైన్లు దిగుతాయి. వాటిలో చాలావరకు విమానాల జెట్ ఇంజిన్ నుంచి పుట్టినవే. ఆ జెట్ ఇంజిన్ కోసం ఆరోగ్యాన్నే పోగొట్టుకున్న వ్యక్తి ఫ్రాంక్ విటిల్.

పొట్టిగా ఉన్నాడని వద్దన్నారు

విటిల్ 1907 జూన్ 1న ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో పుట్టారు. తండ్రి మెకానిక్. ఎత్తు 5 అడుగులే ఉండటంతో వైమానిక దళం తిప్పి పంపేసింది. పట్టు వదలకుండా మళ్లీ ప్రయత్నించి 1923లో అప్రెంటిస్‌గా చేరారు.

గాలిని లోపలికి లాగి, నొక్కి, ఇంధనంతో మండిస్తే వేడి వాయువు టర్బైన్‌ను తిప్పుతుంది. వెనక్కి దూసుకెళ్లే ఆ వాయువే విమానాన్ని ముందుకు నెడుతుంది. ఈ ఐడియాకు 1930 జనవరిలో పేటెంట్ దరఖాస్తు చేశారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లే! కానీ బ్రిటన్ వైమానిక శాఖ పట్టించుకోలేదు. 1935లో పేటెంట్ రెన్యువల్‌కు 5 పౌండ్లు కట్టాలి. సర్కారు ఇవ్వనంది, ఆయన దగ్గర లేవు. అంతే.. పేటెంట్ చేజారింది.

ఇంజిన్ ఆన్.. జనం పరుగో పరుగు

1936లో మిత్రులతో కలిసి పవర్ జెట్స్ కంపెనీ పెట్టారు. 1937 ఏప్రిల్ 12న తొలిసారి ఇంజిన్ తిప్పితే కంట్రోల్ తప్పి వేగం పెరిగిపోయింది. పక్కనున్నవాళ్లంతా పరుగులు తీశారు. ఈలోగా జర్మనీలో హాన్స్ వాన్ ఒహైన్ ఇంజిన్‌తో 1939లోనే జెట్ విమానం ఎగిరింది. విటిల్ ఇంజిన్‌తో బ్రిటన్ విమానం ఎగిరింది 1941 మే 15న.

అదే ఏడాది అక్టోబర్‌లో ఆయన ఇంజిన్ ఒకటి అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌కు చేరింది. ఆ కంపెనీ జెట్ ఇంజిన్ల తయారీ అక్కడే మొదలైంది.

సొంత కంపెనీ సర్కారు చేతికి

పని ఒత్తిడితో విటిల్ ఆసుపత్రి పాలయ్యారు. 1944లో పవర్ జెట్స్‌ను ప్రభుత్వం తీసేసుకుంది. 1948లో లక్ష పౌండ్లు, సర్ బిరుదు దక్కాయి. 1976లో అమెరికా వెళ్లిపోయారు. 1996 ఆగస్టులో 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కాకినాడకు సముద్రం మీదుగా..

జనరల్ ఎలక్ట్రిక్ తర్వాత విమాన ఇంజిన్లనే మార్చి కరెంట్ టర్బైన్లు చేసింది. ఇందులో వాయువు విమానాన్ని నెట్టదు, జనరేటర్‌ను తిప్పుతుంది. ఈ రకం టర్బైన్లతో జీఎంఆర్ సంస్థ మంగళూరు దగ్గర బార్జ్ మీద 220 మెగావాట్ల ప్లాంట్ నడిపింది. అక్కడ ఇంధనం నాఫ్తా. 2010లో దాన్ని కాకినాడకు తెచ్చి కేజీ బేసిన్ సహజ వాయువుతో తిప్పారు. ఆ తర్వాత గ్యాస్ సరఫరా పడిపోవడంతో టర్బైన్లు ఆగిపోయాయి. ప్లాంట్‌నైతే సముద్రం మీద మోసుకురావచ్చు.. గ్యాస్ లేకపోతే మాత్రం కరెంట్ రాదు!