డాక్టరమ్మ దిద్దించిన అక్షరాలు

మీరు చదివింది ఒకటి, తలుపు తట్టిన అవకాశం ఇంకొకటి. మన స్థాయికి తగదని వదిలేస్తారా? ఆ నిర్ణయం తీసుకునే ముందు మరియా మాంటిస్సోరి గురించి తెలుసుకోండి.

1870లో ఇటలీలో పుట్టిన ఆమె మొదట ఇంజినీర్ కావాలనుకున్నారు. తర్వాత వైద్యం వైపు మళ్లారు. 1896లో పట్టా అందుకుని ఆ దేశపు తొలి మహిళా డాక్టర్లలో ఒకరయ్యారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేస్తూ, చెక్క అక్షరాలను వేళ్లతో తడిమించి రాయడం నేర్పారు. వాళ్లలో కొందరు మామూలు పిల్లల పరీక్షలూ పాసయ్యారు. మరి మామూలు పిల్లలకూ ఇలాగే నేర్పితే? ఈ ప్రశ్న పట్టుకుని, డాక్టర్ అయ్యుండీ మళ్లీ విద్యార్థిగా విశ్వవిద్యాలయంలో చేరారు.

1906లో అవకాశం వచ్చింది. రోమ్‌లోని శాన్ లోరెంజో పేదవాడలో పెద్దవాళ్లు పనికి వెళ్లగానే పిల్లలు గోడలు పాడుచేస్తున్నారట. వాళ్లను చూసుకోవాలని భవన యజమానులు అడిగారు. పని చిన్నదే. అయినా ఆమె ఒప్పుకున్నారు.

చెక్క అక్షరాలు చేయించాలంటే ఖర్చు ఎక్కువ. అందుకే సాండ్‌పేపర్‌ను అక్షరాలుగా కత్తిరించి అట్టలపై అతికించారు. పిల్లలు ఆ గరుకు మీద వేలు పోనిస్తూ శబ్దం పలికేవారు. త్రికోణాలు, వృత్తాల చుట్టూ గీత గీసి రంగులు నింపేవారు. చూడటానికి ఆటే. కానీ దాంతోనే పెన్సిల్ పట్టే చెయ్యి కుదురుకుంది. కొన్ని నెలలకే నాలుగైదేళ్ల పిల్లలు వాళ్లంతట వాళ్లే రాసేశారు!

ఇక్కడే మీరు గమనించాల్సింది ఉంది. ఓపిగ్గా గమనించడం, ఫలితాన్ని బట్టి పద్ధతి మార్చడం డాక్టర్ చదువు నేర్పినవే. లైన్ మారినా ఆ చదువు వృథా కాలేదు.

1939లో ఆమె మద్రాసు అడయార్‌కు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం కారణంగా ఏళ్లపాటు మన దేశంలోనే ఉండిపోయారు. 1952లో నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

ప్రీ-ప్రైమరీ టీచర్ పోస్టుకు డెమో ఇవ్వాలా? బోర్డు మీద 'ఆ' రాసి వల్లె వేయించకండి. పిల్లల చేతికి ఒక ఆకు ఇవ్వండి. దానిపై కాగితం పెట్టి క్రేయాన్‌తో రుద్దమనండి. ఈనెలు తేలతాయి. నీళ్లు ఆకంతా ఎలా పాకుతాయో అప్పుడు చెప్పండి. చివర్లో ఆ బొమ్మ కిందే 'ఆ' దిద్దించండి. బీఎస్సీ చదివారా, బొమ్మలు వేస్తారా? రెండూ ఇక్కడ పనికొస్తాయి.