ఫుట్‌బాల్ మాస్టారు రహీం సాబ్

వరల్డ్ కప్ వస్తే మన హాస్టల్ మెస్సీ బ్యాచ్, రొనాల్డో బ్యాచ్ అని రెండుగా చీలిపోతుంది. ఇండియా ఎందుకు ఆడట్లేదని ఒక్కరూ అడగరు. అదసలు అడగాల్సిన ప్రశ్నలాగే అనిపించదు మనకి. కానీ ఒకప్పుడు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టుని తయారుచేసింది హైదరాబాద్‌లో స్కూల్ టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. మైదాన్ సినిమా చూసినవాళ్ళకి వెంటనే అజయ్ దేవగణ్ మొహం గుర్తొస్తుంది. నాకైతే సినిమాకంటే ఆ టీచర్ ఉద్యోగమే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకి ఆడారు, తర్వాత క్లబ్బులకి ఆడారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ స్కూళ్ళలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి డ్రిల్లు మాస్టారయ్యారు.

కుర్రాళ్ళ కోసం ఆయన పెట్టిన టోర్నమెంట్లు చూడండి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బాల్ రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. అంటే మీది కుడికాలి వాటమైతే ఎడమకాలే దిక్కు. మనకి కోడింగ్ ల్యాబ్‌లో ఫలానా ఫంక్షన్ వాడకూడదని కండిషన్ పెట్టి ప్రాబ్లమ్ ఇస్తారే, అలాంటిదన్నమాట. మొదట్లో తిట్టుకుంటాం, తర్వాత ఇంకో దారి కనిపిస్తుంది.

నిజాం పాలన పోయి రెండేళ్ళయిందో లేదో, ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్ళి 1950లో రోవర్స్ కప్ గెలిచింది. ఒకసారి గెలిస్తే లక్కు అనుకోవచ్చు. 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది! సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రాడికి ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేకపోతే, సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చారు. ఆ బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు.

దేశం జట్టుకి కోచ్ అయ్యాక 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి గోల్డ్ కొట్టారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్ళు చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. మైపాడు బీచ్‌లో చెప్పులు విడిచి ఆడేటప్పుడు ఎంత హాయిగా ఉంటుందో మనకి తెలుసు, కానీ అది మైపాడు ఇసుక, అక్కడిది ఫిన్లాండ్ గడ్డి. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. రహీం సాబ్ యూరప్ జట్ల ఆట గమనించి వచ్చి, ముందుండే ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి లాగి ఆడించడం మొదలుపెట్టారు.

నాలుగేళ్ళకి మెల్‌బోర్న్. ఆస్ట్రేలియాని వాళ్ళ సొంత గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్ళీ యుగోస్లావియానే ఎదురైంది. ఓడిపోయారు గానీ ఈసారి 4-1. ఆ తేడాని నేనైతే గెలుపు కిందే లెక్కేస్తాను. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు గానీ గ్రూపు దాటలేదు. ఆ జట్టులో ఆయన కొడుకు హకీం కూడా ఉన్నాడు.

ఇక 1962 జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్‌లని రానివ్వనందుకు ఒక భారతీయ అధికారి అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్ మీద గెలిచారు గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే అతన్ని పక్కన కూర్చోబెట్టేవాడేమో. రహీం సాబ్ సెమీఫైనల్లో అతన్ని ఫార్వర్డ్‌గా దింపారు, అతను గోల్ కొట్టాడు. అప్పటికే ఆయన ఒంట్లో బాగా లేదు. సిగరెట్లు ఎక్కువ, ఊపిరితిత్తుల క్యాన్సర్. తను వెళ్ళిపోయే ముందు గోల్డ్ మెడల్ కానుకగా ఇవ్వమని కుర్రాళ్ళని అడిగారని ఆ జట్టువాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ అదే దక్షిణ కొరియాతో. జ్వరంతో మ్యాచ్‌లకి దూరమైన మన హైదరాబాద్ గోలీ తంగరాజ్ తిరిగొచ్చాడు. స్టేడియం నిండా మనల్ని గేలిచేసే జనం. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్, మూడు నిమిషాలకే కుట్ల తలతో ఉన్న జర్నైల్ గోల్. కొరియా ఒకటి తిరిగి కొట్టినా 2-1తో మనమే గెలిచాం.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీం సాబ్ చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 53. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలవలేదు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆ జకార్తా తర్వాత మనకి ఇంకో గోల్డ్ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో ఒక బ్రాంజ్ వచ్చింది, అంతే.