వీధిబిడ్డల తల్లి మార్షా జాన్‌సన్

దీనులకు పరిచర్య చేసిన మహనీయుల చరిత్రలలో సాధారణముగా ఒక ఆసుపత్రియో, ఒక ధర్మసంస్థయో, ఒక ధనవంతుని దానమో వెనుక నిలిచియుండును. న్యూయార్క్ నగరమున అనాథలకు అన్నముపెట్టి, వ్యాధిగ్రస్తుల మంచములకడ కూర్చుండిన మార్షా పి. జాన్‌సన్ వెనుక అట్టిదేదియు లేదు. ఆమెకు స్వంత ఇల్లు లేదు. స్థిరమైన ఉద్యోగము లేదు. పెక్కు రాత్రులు తలదాచుకొనుటకు చోటే లేదు. నల్లజాతియందు పుట్టుట ఒకటి, మగబిడ్డగా పుట్టి స్త్రీగా జీవించుట రెండు — ఈ రెండు కారణములచేతను ఆమెను సమాజము వెలివేసెను. ఆ వెలిలోనే ఆమె ఒక కుటుంబమును కట్టుకొనెను. లేనివారు లేనివారిని ఎట్లు కాపాడుకొనగలరో, ఆ కాపుదల ఎంతవరకు నిలువగలదో తెలిసికొనగోరువారికి ఆమె జీవితము పఠింపదగినది.

1945 ఆగస్టు 24వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, ఎలిజబెత్ పట్టణమందు ఆమె జన్మించెను. తల్లిదండ్రులిడిన పేరు మాల్కమ్ మైకేల్స్. తండ్రి జనరల్ మోటార్స్ వారి కర్మాగారమున కార్మికుడు. తల్లి ఇతరుల ఇండ్లలో పనిచేయుచుండెను. ఏడుగురు సంతానములో ఐదవ బిడ్డ. నల్లజాతివారి మెథడిస్టు ప్రార్థనామందిరముతో ఆ కుటుంబమునకు గట్టి సంబంధముండెను. దైవభక్తి ఆ బిడ్డకు ఉగ్గుపాలతోనే అబ్బినది, తుదివరకు విడువలేదు. ఐదేండ్ల ప్రాయముననే ఆడపిల్లల గౌనులు తొడుగుకొనుట మొదలిడెను గాని, ఇరుగుపొరుగు మగపిల్లల వేధింపులకు తాళలేక ఆ ముచ్చటను లోలోన అణచుకొనవలసివచ్చెను. 1963లో ఉన్నత పాఠశాల చదువు ముగిసినది. ఒక సంచిలో కొన్ని బట్టలు, చేతిలో 15 డాలర్లు — ఇంతమాత్రపు సామగ్రితో ఆమె న్యూయార్క్ నగరము చేరెను.

మహానగరములో తొలుత భోజనశాలలయందు వడ్డనపని దొరికెను. పిమ్మట గ్రెనిచ్ విలేజ్ అను పేట ఆమె నివాసమైనది. అచ్చటనే ఆమె మార్షా అను పేరు ధరించెను. 42వ వీధిలోని హోవార్డ్ జాన్‌సన్ భోజనశాల పేరునుండి జాన్‌సన్ అనుదానిని స్వీకరించెను. నడుమనున్న ‘పి’ అను అక్షరమునకు అర్థమేమని అడిగినవారికి, ఆ సంగతి పట్టించుకొనవలదను భావముగల ఒక ఆంగ్లవాక్యమునకు అది గురుతు అని నవ్వుచు చెప్పెడిది. ఒక న్యాయమూర్తి ఎదుట ఇట్లే చెప్పగా, ఆయనయు నవ్వి విడిచిపెట్టెనని ప్రతీతి. ఆడదానివా, మగవాడవా అని అడుగడుగున నిలదీయు లోకమునకు ఆ ఒక్క అక్షరమే ఆమె ఇచ్చిన సమాధానము.

కాని నవ్వు ఆకలి తీర్చదు. అట్టివారికి ఉద్యోగమిచ్చువారు అరుదు. పలువురివలె ఆమెయు దేహమును అమ్ముకొని పొట్టపోసికొనవలసివచ్చెను. 1845 నాటి మారువేషముల చట్టమొకటి పోలీసుల చేతిలో ఉండెను. స్త్రీవేషమున తిరుగు పురుషులని పేర్కొని దాని క్రింద పలువురిని చెరలో వేయుచుండిరి. తన్ను నూరుమారులకు మించి నిర్బంధించిరని ఆమె లెక్క చెప్పెడిది. నిలువ నీడలేని రాత్రులయందు 28వ వీధి పూలబజారులో, వర్తకులు పూలు ఏరెడి బల్లలక్రింద ఆమె నిద్రించుచుండెను. వారు మిగిల్చిన పూలను కిరీటముగా అల్లి తలపై ధరించెడిది. ఆ పూలకిరీటమే నేడు ఆమె చిత్తరువులు పెక్కింట కనబడుచున్నది. చేతికి వచ్చిన నాలుగు డబ్బులైనను, ఒంటిమీది వస్త్రమైనను, ఎదురైన దీనునికి ఇచ్చివేయుట ఆమె స్వభావము. అందుచేతనే ఆ పేటవారిలో పలువురు ఆమెను పుణ్యాత్మురాలిగా భావించుచుండిరి.

1969 జూన్ 28వ తేదీ వేకువకు ముందు, క్రిస్టఫర్ వీధిలోని స్టోన్‌వాల్ అను పానశాలపై పోలీసులు దాడి చేసిరి. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కలిసికొనుటకు ఉన్న కొలది తావులలో అది ఒకటి. ఏండ్లతరబడి తలవంచిన జనము ఆనాడు ఎదురుతిరిగెను. ఆ అలజడి పలు దినములు సాగినది. తొలిరాయి విసరినది మార్షాయే యని తరువాత కథలు పుట్టినవి. తాను చేరుసరికే కలహము ఆరంభమైయుండెనని ఆమెయే స్పష్టపరచెను. అయినను ఆ తిరుగుబాటున ముందువరుసలో నిలిచినవారిలో ఆమె ఒకతె యనుటలో సందేహము లేదు. లేని కీర్తిని కోరకపోవుట ఆమె గొప్పదనమునకు మరొక తార్కాణము.

ఉద్యమమున పాలుగొన్నవారు పెక్కుమంది గలరు. ఉద్యమము ముగిసిన రాత్రి వీధిలో పండుకొను పిల్లలను గూర్చి ఆలోచించినవారు కొద్దిమందియే. మార్షాకంటె ఆరేండ్లు చిన్నదైన సిల్వియా రివేరా ఆ కొద్దిమందిలో ముఖ్యురాలు. ఆమె లాటిన్ అమెరికా సంతతికి చెందినది. పసితనముననే ఇల్లు విడిచి వీధిపాలైనది. ఆ దినములనుండి మార్షా ఆమెకు పెద్దదిక్కు. 1970 సెప్టెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయపు వైన్‌స్టీన్ భవనమున స్వలింగ ప్రేమికుల నృత్యసభలను నిషేధించినందులకు నిరసనగా యువకులు బైఠాయించిరి. ఆ సత్యాగ్రహమునుండి లేచివచ్చిన వీరిరువురును వీధిలో బ్రతుకు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకై ఒక సంఘమును స్థాపించిరి. దాని పేరులోని తొలి అక్షరములు కూర్చగా ‘స్టార్’, అనగా నక్షత్రము, అని ఏర్పడెను.

ఆ నక్షత్రపు మొదటి గృహము వాహనముల నిలుపుచోట వదలివేయబడినట్లు కనబడిన ఒక పెద్ద లారీ పెట్టె. ఇరువది మందికి పైగా పిల్లలు అందులో తలదాచుకొనుచుండిరి. ఒకనాడు మార్షా, సిల్వియాలు వచ్చిచూడగా, ఎవరో ఆ పెట్టెను లారీకి తగిలించి, లోన నిద్రించు పిల్లలతోసహా నడుపుకొని పోవుచుండెను! వినుటకు నవ్వు పుట్టించు ఈ సంఘటనయే వారికి కనువిప్పైనది. చక్రములమీది నీడ నీడ కాదు, నాలుగు గోడలు కావలెనని నిశ్చయించుకొనిరి.

1970 చివర తూర్పు 2వ వీధిలో 213 సంఖ్యగల శిథిల భవనము అద్దెకు దొరికెను. దానిని వారు తమ చేతులతో బాగుచేసికొనిరి. నృత్యసభ జరిపి చందాలు కూడబెట్టిరి. ఆ ఇంటి నియమము ఒక్కటే: పెద్దవారు వీధికి పోయి సంపాదింపవలెను, పిల్లలు పోరాదు. మార్షా, సిల్వియాలు తమ దేహములను అమ్మి తెచ్చిన డబ్బుతో అద్దె కట్టుచుండిరి. తాము అనుభవించిన దురవస్థ తమ బిడ్డలకు కలుగకుండుటకే ఆ త్యాగము. పిల్లలు ఊరకుండలేక అంగళ్లనుండి తినుబండారములు అపహరించి తెచ్చుచుండిరట. అది దోషమే, కాని ఆ దోషములో ఇంటిల్లిపాదికి అన్నము పెట్టవలెనను తపన గలదు. మార్షా ఆ ఇంటికి తల్లి. ఎవరు తినిరి, ఎవరు తినలేదు, ఎవరికి జ్వరము, ఎవరు చెరసాలలో ఉన్నారు — ఇవియే ఆమె నిత్యవిచారణ.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయము మరొకటి గలదు. ఆ పిల్లలలో పలువురు బడిలోని ఎగతాళికి, దెబ్బలకు ఓర్వలేక చదువు మానినవారు. కొందరికి చదువను వ్రాయను రాదు. భవనము పై అంతస్తున వారికొక పాఠశాల నడుపవలెనని ఆ తల్లులు సంకల్పించిరి. చదువుకొన్న సమాజము గెంటివేసిన బిడ్డలకు, చదువుయొక్క విలువను ఆ సమాజము గెంటివేసిన స్త్రీలే గుర్తించిరి. ఆ సంకల్పము నెరవేరలేదు. అద్దె బాకీపడి, 1971 జూలైలో ఇల్లు ఖాళీ చేయవలసివచ్చెను. ఆ గృహము నిండ ఏడాదియైనను నిలువలేదు. ప్రేమ కొరవడి ఆ ఇల్లు కూలలేదు. డబ్బు కొరవడి కూలినది. ప్రభుత్వముగాని, ధనికులుగాని, తోటి ఉద్యమకారులుగాని కొద్దిపాటి ఆసరా ఇచ్చియుండినచో ఎన్ని ప్రాణములు నిలిచెడివో!

వైద్యశాలలనుండియు వారికి ఆదరము లభించుట అరుదు. స్వలింగ ప్రేమను మానసిక వ్యాధుల పట్టికనుండి అమెరికా మనోవైద్యుల సంఘము తొలగించినది 1973 డిసెంబరులో. అంతవరకు అట్టివారు ఆసుపత్రికి పోయినచో వచ్చిన రోగముకంటె వారి స్వభావమే రోగమని తలచెడి వైద్యులు లేకపోలేదు. వీధిజనులను, స్వలింగ ప్రేమికులను నీచముగా చూచుచున్నారని బెల్వ్యూ ఆసుపత్రి ఎదుట మార్షా అట్ట పట్టుకొని నిలిచెను. ఆనాటి ఛాయాచిత్రము న్యూయార్క్ ప్రజా గ్రంథాలయమున భద్రముగా ఉన్నది. ఆమె తనకొరకును నిలిచినదనుట యథార్థము. తరచు మతిచలించి, పలుమారులు మానసిక చికిత్సాలయములలో ఉండవలసివచ్చినది ఆమెకే. శాంతస్వభావురాలైన ఆమె ఆ వేళలయందు ఉగ్రురాలగుచుండెనని ఎరిగినవారు తెలిపిరి. ఆమెను దేవతగా చేసి ఈ బాధను మరుగుపరచుట ఆమెకు న్యాయముచేయుట కాదు.

1973లో స్వలింగ ప్రేమికుల వార్షిక ఊరేగింపునుండియే స్త్రీవేషధారులను తొలగింప నిర్వాహకులు పూనుకొనిరి. గౌరవనీయులుగా కనబడవలెనను కోరికతో సోదరులే సోదరులను దూరముంచిరి. మార్షా, సిల్వియాలు ఊరేగింపునకు ముందే నడచి తమ ఉనికిని చాటిరి. 1972నుండి హాట్ పీచెస్ అను నాటకబృందమున మార్షా పాడుచు ఆడుచుండెను. 1975లో ప్రసిద్ధ చిత్రకారుడు ఆండీ వార్హోల్ తన చిత్రమాలలో ఆమె రూపమును చేర్చెను. ఆ చిత్రములు ధనికుల గోడలకెక్కినను ఆమె దారిద్ర్యము తీరలేదు. 1980 ప్రాంతమున, గడ్డకట్టు చలిరాత్రియందు ఉద్యమకారుడైన రాండీ విక్కర్ హోబోకెన్ పట్టణములోని తన ఇంట ఒక్క రాత్రికి ఆశ్రయమిచ్చెను. ఆ ఒక్క రాత్రి పండ్రెండేండ్లయినది. తుదివరకు అదియే ఆమె గృహము.

అంతలో మహమ్మారి వచ్చిపడెను. 1981 జూన్‌లో వైద్యులు మొదట ప్రకటించిన ఆ రోగమునకు మరుసటి యేట ఎయిడ్స్ అను పేరు కలిగెను. 1983లో దాని క్రిమిని కనుగొనిరి. మొదటి ఔషధము 1987లోగాని రాలేదు. అదియు వ్యాధిని నిలువరింపలేకపోయెను. రోగిని ముట్టుకొనుటకు బంధువులు జంకిరి. అన్నపు పళ్లెరమును గదిగుమ్మముకడనే విడిచిపోయిన ఆసుపత్రి సేవకులు కలరు. అట్టి కాలమున, విక్కర్ జీవిత సహచరుడు ఆ వ్యాధితో మంచము పట్టగా, మార్షా అతనికి పరిచారిక అయ్యెను. అతడు 1990లో మరణించువరకు సేవచేసెను. ఆసుపత్రులకు పోయి ఇతర మిత్రులనుకూడ చూచుచు, మరణశయ్యపైనున్నవారి చెంత కూర్చుండుట వ్రతముగా పెట్టుకొనెను. ఆమెకు వైద్యశాస్త్రము తెలియదు, ఇచ్చుటకు మందులేదు. చేయిపట్టుకొనుట, మాటలాడుట, ప్రార్థించుట మాత్రమే ఆమె చికిత్స. మందులేని రోగమునకు ఏకాంతము రెండవ రోగము; ఆ రెండవ రోగమును ఆమె నయము చేయుచుండెను. మరియొకవైపు, ఔషధములు త్వరగా అందింపవలెనని 1987లో న్యూయార్క్‌లో పుట్టిన యాక్ట్ అప్ సంఘముతో కలిసి వీధులలో నిలిచెను. పడకకడ పరిచర్య, వీధిలో పోరాటము అను రెండును ఆమెకు ఒకే పనియందలి రెండు భాగములు.

తనకును ఆ క్రిమి సోకినదని 1992 జూన్ మాసపు సంభాషణలో ఆమె దాచక తెలిపెను. కాని ఆమెను తీసికొనిపోయినది ఆ వ్యాధి కాదు. 1992 జూలై 6వ తేదీన క్రిస్టఫర్ వీధి రేవుకడ హడ్సన్ నదిలో ఆమె దేహము తేలియుండెను. వయస్సు 46 ఏండ్లు. పోలీసులు వెంటనే ఆత్మహత్య యని నిర్ణయించిరి. మిత్రులు అంగీకరింపక గోడలపై ప్రకటనలంటించి సాక్షులకొరకు వెదకిరి. జీవితమంతయు ఇతరులను కనిపెట్టుకొనియుండిన ఆమె మరణమును కనిపెట్టుట పాలకులకు పనికిరాని పనియైనది. 2002లో కారణము నిర్ణయింపబడలేదని దాఖలా మార్చిరి. 2012లో విచారణ మరల తెరచిరి. అంత్యక్రియల దినమున జనులు సెవెంత్ అవెన్యూ వెంట ఊరేగింపుగా నడచి, ఆమె అస్థికలను హడ్సన్ నదిలోనే కలిపిరి.

1996లో పలు మందుల మిశ్రమ చికిత్స రాగా ఆ వ్యాధి మరణశాసనము కాకుండ పోయినది. కాని ఔషధము ఉండుట వేరు, అందుట వేరు. 2019లో అమెరికా జనాభాలో నూటికి 13 మందియైన నల్లజాతివారు, కొత్తగా ఆ క్రిమి సోకినట్లు తేలినవారిలో నూటికి 42 మంది. అందుచేతనే తమవారిని తామే కాచుకొను మార్షా మార్గము అచ్చటి నల్లజాతి ట్రాన్స్‌జెండర్ సమాజమున నేటికిని అనుసరింపబడుచున్నది. ఆమె పేర ఒక సంస్థ వెలసినది. 2020లో బ్రూక్లిన్ నదీతీరపు రాష్ట్ర ఉద్యానవనమునకు ఆమె పేరు పెట్టిరి. ఒకనాడు పూలబల్లక్రింద పండుకొనిన ఆమె పేర నేడొక పూదోట గలదు.

ఆ గౌరవము తగినదే. కాని ఆమె కోరినది ఉద్యానవనము కాదు. అద్దె బాకీపడని ఒక ఇల్లు, దాని పై అంతస్తున ఒక చిన్న బడి. తరగతిలో వెనుక బల్లపై ఒంటరిగా కూర్చుండి, తోటివారి ఎగతాళికి తలవంచుకొనిన బిడ్డ ఏ దేశమున లేడు? ఆ బిడ్డ బడి విడిచి వీధిలో పడకముందే చేయిపట్టుకొనుట ఆమె తలపెట్టి ముగింపలేకపోయిన పని. అది ముగించుటకు మహాత్ములే కానక్కరలేదు. ఒక ఉపాధ్యాయుడు చాలును, ఒక సహాధ్యాయి చాలును.