ప్రమాణమునకు ప్రాణము పోసిన ప్రభువు – షేర్షా

అంగడిలో ధాన్యము అమ్మువాడును, కొనువాడును ఒకరినొకరు ఎరుగకపోవచ్చును. అయినను వారి నడుమ బేరము కుదురుచున్నది. ఏలయన వారిద్దరును నమ్మిన మూడవ వస్తువొకటి అచట కలదు. అదియే తూనికరాయి. ఆ రాయి బరువు ఊరూరికిని, మనిషి మనిషికిని మారినచో నమ్మకము చెదరిపోవును. అట్టి వేళ నష్టపోవువాడు ఎల్లప్పుడును బలహీనుడే. కావుననే కొలతలను, తూనికలను, నాణెములను ఒక్క ప్రమాణమునకు లోబరచుట నాగరిక జీవనమునకు పునాది అని పెద్దలు తలచిరి. ఇది యంత్రయుగము తెచ్చిన క్రొత్త సంగతి అని మనలో పలువురు భావింతురు. కాని దాదాపు ఐదు శతాబ్దుల క్రిందట, కేవలము ఐదేండ్లు మాత్రమే ఢిల్లీ సింహాసనమున కూర్చున్న ఒక ప్రభువు ఈ సత్యమును గ్రహించి ఆచరించి చూపెను. ఆయనయే షేర్షా సూరి.

షేర్షా అసలు పేరు ఫరీద్. తండ్రి హసన్ ఖాన్ సూర్ బీహారునందలి ససరాం జాగీర్దారు. ఇంట సవతి తల్లి ప్రాబల్యము వలన తండ్రితో పొసగక ఫరీద్ జౌన్‌పూరు చేరి విద్యాభ్యాసము చేసెను. అరబ్బీ, పారశీక భాషలను అభ్యసించి, సాదీ మహాకవి గ్రంథములను శ్రద్ధతో చదివెను. పిమ్మట తండ్రి ఆయనను పిలిపించి తన పరగణాల పాలనమును అప్పగించెను. రాజ్యపాలనకు వలసిన తొలి పాఠములను ఫరీద్ నేర్చినది ఆ పొలముల గట్లమీదనే.

అచట ఆయన చూచినదేమి? భూమిని కొలుచువారు తమకు తోచినట్లు కొలుచుచుండిరి. శిస్తు వసూలు చేయువారు తమకు తోచినంత రుసుము గుంజుచుండిరి. రైతునకు తాను చెల్లింపవలసినది ఎంతయో తెలియదు. చెల్లించిన పిమ్మట తీరినదో లేదో అదియును తెలియదు. ఫరీద్ రైతులను సమావేశపరచి, భూమిని కొలిపించుకొందురో, పంటలో పాలు ఇత్తురో వారినే కోరుకొమ్మనెను. కొలుచువాని కూలిని, వసూలుదారుని రుసుమును ముందుగనే నిర్ణయించెను. శిస్తును నిర్ణయించునపుడు దయ చూపవలెననియు, నిర్ణయించిన పిమ్మట వసూలులో సడలింపరాదనియు ఆయన నియమము.

బీహారు పాలకుని కొలువున ఉన్నపుడు పులిని చంపి షేర్ ఖాన్ అను బిరుదు పొందెనని చరిత్రకారులు వ్రాసిరి. 1539లో చౌసా వద్దను, 1540లో కన్నౌజు వద్దను హుమాయూనును ఓడించి ఆయన ఢిల్లీ ప్రభువయ్యెను. ఈ యుద్ధకథలు మనకు పాఠ్యగ్రంథములలో పరిచితములే. విజయము పొందిన పిమ్మట ఆయన చేసిన పనియే ఈ వ్యాసమున మనకు ముఖ్యము.

మొదటిది నాణెము. అంతకుముందు వెండిని రాగితో కలిపి పోసిన నాణెములు దేశమున విరివిగా చెలామణి అగుచుండెను. వానిలో వెండి ఎంతయో చూపునకు అందదు. షరాబు చెప్పినదే విలువ. అతడు పట్టినదే వట్టము. షేర్షా ఈ మిశ్రమ నాణెములను తొలగించి, బంగారము, వెండి, రాగి వేటికవే వేరువేరుగా ముద్రింపించెను. 178 గ్రెయినులు, అనగా సుమారు 11.5 గ్రాములు, తూగు వెండి నాణెమునకు రూపియా అను పేరు స్థిరపడెను. ఆ నాణెములు కొన్నింటిపై పారశీక లిపితోపాటు నాగరి లిపిలో కూడ ప్రభువు పేరు కానవచ్చును. నాణెమును వాడు ప్రజలు దానిని చదువగలిగి ఉండవలెనని ఆయన తలచెను కాబోలునని మాకు తోచుచున్నది.

రెండవది భూమి. రాజ్యమున భూమిని 32 అంగుళముల గజముతో కొలిపించి, రైతునకు పట్టా ఇచ్చి, అతని వద్దనుండి ఖబూలియత్ అను అంగీకార పత్రమును తీసికొను పద్ధతిని నెలకొల్పెను. పట్టా అను మాట నేటికిని మన పల్లెలలో రైతు నోట నిత్యము వినిపించునదే. ప్రభుత్వము ఎంత కోరునో కాగితముపై ఉండుటవలన అంతకు మించి కోరుట అధికారికి కష్టమయ్యెను.

మూడవది సైన్యము. సర్దారులు తనిఖీనాడు అరువు గుఱ్ఱములను తెచ్చి చూపి, పిమ్మట త్రిప్పి పంపి జీతములు కాజేయుచుండిరి. అల్లావుద్దీన్ ఖిల్జీ నాటి పద్ధతిని పునరుద్ధరించి షేర్షా గుఱ్ఱములకు ముద్రలు వేయించెను. సైనికుల ఆనవాళ్లను పట్టికలలో వ్రాయించెను. ఇక బాటల సంగతి జగద్విదితము. సోనార్‌గాఁవ్ నుండి సింధునది వరకు సాగిన రాజమార్గమున రెండేసి కోసులకు ఒక్కొక్క సరాయి కట్టించి, హిందువులకును, ముసల్మానులకును వేరువేరుగా అన్నపానముల ఏర్పాట్లు చేయించెను. బాటసారికి తదుపరి మజిలీ ఎంత దూరమున ఉన్నదో ముందుగనే తెలియుట కూడ ఒక ప్రమాణమే కదా!

అయినను మహనీయుల జీవితములను వ్రాయునపుడు గుణములతోపాటు దోషములను కూడ చెప్పుట మన ధర్మము. షేర్షా శిస్తు పద్ధతిలో ఒక లోపము కలదు. ఆయన నాటి రేట్లను అబుల్ ఫజల్ తన ఆయీనె అక్బరీలో పొందుపరచెను. దాని ప్రకారము బిగా ఒక్కింటికి గోధుమ ఉత్తమ భూమిలో 18 మణుగులు, మధ్యమ భూమిలో 12 మణుగులు, అధమ భూమిలో 8 మణుగుల 35 శేర్లు పండును. ఆ మణుగునకు 40 శేర్లు. మూడింటిని కలిపి సగటు కట్టి, అందులో మూడవ వంతు, అనగా సుమారు 4 మణుగుల 13 శేర్లు శిస్తుగా నిర్ణయించిరి. లెక్క సరియైనదే. కాని ఉత్తమ భూమిగల రైతు తన పంటలో నాల్గవ వంతుకంటె తక్కువ ఇచ్చి బయటపడును. అధమ భూమిగల నిరుపేద ఇంచుమించు సగము సమర్పించుకొనవలెను. అందరికిని ఒకే కొలత అయినంత మాత్రమున అందరికిని ఒకే న్యాయము కాదని ఈ లెక్క మనకు బోధించుచున్నది.

మరియొకటి ఇంకను బాధాకరమైనది. 1543లో రాయసేన్ కోటను పట్టినపుడు, ప్రాణరక్షణ హామీని నమ్మి వెలుపలికి వచ్చిన పూరన్‌మల్ పరివారముపై షేర్షా సైన్యము దాడి సల్పెను. నాణెమున గ్రెయిను తరుగును సహింపని ప్రభువు తన మాట తూకమును కాపాడుకొనలేకపోయెను. ఆయన కీర్తిపై ఈ మచ్చ నేటికిని మాయలేదు.

1545 మే నెలలో కాలింజర్ కోట ముట్టడిలో మందుగుండు ప్రేలుటవలన షేర్షా మరణించెను. ససరామున చెరువు నడుమ ఆయన సమాధి మందిరము గంభీరముగ నిలిచి యున్నది. ఆయన వంశము త్వరలోనే అంతరించెను గాని ఆయన ప్రమాణములు అంతరింపలేదు. అక్బరు పాలనమున భూమి కొలతను మరింత సరిదిద్దిరి. అంతవరకు కొలతకు జనపనార త్రాడు వాడుచుండిరి. ఉదయపు మంచున తడిసి అది కుంచించుకొని పోయెడిది; అపుడు కొలిచిన పొలము ఉన్నదానికంటె పెద్దదిగా తేలి రైతు నష్టపోయెడివాడు. ఎండకు ఆరి సాగినపుడు ఖజానా నష్టపోయెడిది. 1575 ప్రాంతమున ఆ త్రాటికి బదులు ఇనుప కడియములతో కూర్చిన వెదురు కొలకఱ్ఱలు ప్రవేశపెట్టబడెను. మంచునకును ఎండకును, రైతునకును రాజునకును ఒకే తీరున నిలుచునదియే నిజమైన కొలత.

రూపాయి సైతము అట్లే నిలిచినది. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో 180 గ్రెయినుల రూపాయిని ఏకరీతిగా నెలకొల్పెను. అదే తూకము తులమై మన ఇండ్లలో బంగారమును, మందు దినుసులను తూచుటకు ఉపయోగపడెను. మన హైదరాబాదు సంస్థానమున హాలీ సిక్కా వేరుగా ఉండి, 6 బ్రిటిషిండియా రూపాయలకు 7 హాలీ రూపాయలు చెల్లవలసి ఉండెడిది. కుంచము, మానిక, సోల సైతము ప్రాంతమున కొక తీరుగ ఉండెడివి. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చెను. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయా పైసలు అమలయ్యెను. అటుపిమ్మట మెట్రిక్ కొలతలు క్రమముగా దేశమంతటను వ్యాపించెను.

విద్యార్థి మిత్రులారా! ప్రమాణమనగా అందరిని ఒకే అచ్చున పోయుట కాదు. బలవంతుని చేతిని కట్టి, బలహీనుని చేతికి ఒక ఆధారమును ఇచ్చుటయే దాని అర్థము, దాని ప్రయోజనము. దానిని నెలకొల్పినవాడు తానును దానికి లోబడినపుడే అది న్యాయమగును. రేపు మనలో కొందరము గుమాస్తాలము, ఉపాధ్యాయులము, వర్తకులము, అధికారులము కాగలము. అప్పుడు మన చేతనున్న కొలకఱ్ఱ మన వారికొక తీరుగను, పరుల కొక తీరుగను సాగకుండ చూచుకొందుము గాక!