క్లౌ దొర మూడు షరతులు

1878 జూలై 3. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. వారి వెనక ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. అంతకుముందు ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనని మొండికేసింది కూడా ఆయనే.

1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన క్లౌ, యువకుడిగా ప్రభుత్వ భూముల సర్వేలో పనిచేశారు. 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. ఆయన బాప్టిస్టు. మనిషికి రక్షణ క్రీస్తును నమ్మడం వల్లే కలుగుతుందని, ఆజ్ఞలు పాటించి దాన్ని సంపాదించుకోలేరని ఆ శాఖ బోధ. నమ్మినవారికే బాప్తిస్మం. అయితే ఎదుటివాడు నమ్మాడో లేదో తేల్చేదెలా?

ఆ ఏడాదే తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడయ్యారు. ఆయన వెంట మాదిగ పల్లెలు కదిలాయి. వారిని చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు తేల్చిచెప్పారు. క్లౌ పల్లెలవైపే నిలబడ్డారు. వచ్చినవారికి మూడు షరతులు పెట్టారు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి చిన్నవే. కానీ ఊళ్లో చచ్చిన గొడ్డు మాదిగల వాటా. దానికి బదులు వారు రైతులకు చెప్పులు, మోటకు తోలు సామాను చేసిపెట్టాలి. జాతరలో డప్పు కొట్టాలి. కోతల రోజుల్లో ఆదివారం రానంటే ఆసామి ఊరుకోడు. మూడు షరతులూ తగిలింది ఊరి కట్టుబాటుకే. క్లౌ లెక్కలో అవి మోక్షానికి మెట్లు కావు, లోపలి నమ్మకానికి బయటి గుర్తులు. ఆజ్ఞ నిలబెట్టుకోవడానికి ఇంత మూల్యం చెల్లించినవారి నమ్మకాన్ని శంకించడం కష్టం.

ఆ గుర్తులను కూడా నమ్మలేని పరిస్థితిని 1876-78 కరువు తెచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. కూలీలకు బోధకులే మేస్త్రీలు. తట్ట మోస్తూ విన్నవారు బాప్తిస్మం అడిగారు. గింజల కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో తేలదని ఆయన ఆపేశారు.

కరువు సాయం ముగిశాకా వారు తిరిగొచ్చారు. ఇక ఇచ్చేదేమీ లేదని క్లౌ చెప్పినా కదల్లేదు, తమకు కావలసింది సాయం కాదన్నారు. అప్పుడు ఆయన ఒప్పుకున్నారు. జూలై 2 నుంచి మూడు రోజుల్లో 3,536 మంది; ఏడాది చివరికి తొమ్మిది వేలు దాటారు.

అన్నం క్రైస్తవులన్న మాట మాత్రం వారిని వదల్లేదు. తిండి ఆగాక వచ్చినవారికి అది న్యాయమైన పేరు కాదు. అలాగని ఆకలివేళ ఆదుకున్న చెయ్యి వారి నమ్మకంలో లేదనడమూ కుదరదు; ఆ రెంటినీ విడదీయగల పరీక్ష క్లౌ దగ్గరా లేదు.

ఆయన 1910లో అమెరికాలో చనిపోయారు. ఆయన చెబుతుండగా భార్య ఎమ్మా రాసిన జ్ఞాపకాలు 1914లో అచ్చయ్యాయి. ఆ మూడు షరతులూ, కాలువ పనీ, గుండ్లకమ్మ ఒడ్డున గుమిగూడిన జనమూ అందులో ఉన్నాయి.