గిరీశుని వకాల్తా

గిరీశచంద్ర ఘోషు 1844లో కలకత్తా నగరమునందలి బాగ్‌బజారున జన్మించెను. బాల్యముననే తల్లి గతించెను; కౌమారమున తండ్రియు పోయెను. అదుపు చేయువారు లేక పాఠశాల చదువు నిలిచిపోయెను. అయినను ఇంటనే ఆంగ్ల, వంగ గ్రంథముల నెన్నింటినో స్వయముగా పఠించి, వంగ నాటకరంగమున అగ్రగణ్యుడయ్యెను. కాని ఆ పాండిత్యము ఆతనిని మద్యమునుండి కాపాడలేదు. లోకమును చదివినవాడు తన్ను తాను చదువుకొనలేదు.

1884 సెప్టెంబరు 21న శ్రీరామకృష్ణులు స్టార్ థియేటరునకు విచ్చేసి, గిరీశుడు రచించిన చైతన్యలీలను తిలకించిరి. క్రమముగా పరిచయము భక్తియయ్యెను. సీసా మాత్రము వీడలేదు. ఒకరాత్రి త్రాగి దక్షిణేశ్వరమునకు పోగా, గురుదేవులు ఈసడింపక ఆదరముతో చేరదీసిరి.

త్రాగవలదని వారు శాసింపలేదు. ఉదయ సాయంకాలములందు భగవంతుని స్మరింపుమనిరి. మాట యిచ్చి తప్పుదునేమోయని గిరీశుడు వెరచెను. భోజనమునకు ముందు, నిద్రకు ముందైనను స్మరింపుమనిరి. దానికిని వెనుదీసెను. అంతట గురుదేవులు ఆతని భారమంతయు తామే వహింతుమని వకాల్తా పుచ్చుకొనిరి. బరువు దిగినదని గిరీశుడు సంతసించెను.

అసలు సాధన అక్కడనే మొదలయ్యెను. ఒకనాడు ఏదో చిన్న పనిని తాను చేసెదనని పలుకగా, ఆ ‘నేను’ ఇక చెల్లదని గురుదేవులు సరిదిద్దిరి. నాటినుండి ప్రతి మాటయు, ప్రతి అడుగును తన యిచ్ఛయా, ఈశ్వరేచ్ఛయా యని లోలోన విచారించుకొనవలసి వచ్చెను. రెండు పూటల స్మరణ బరువనుకొన్నవానికి దినమంతయు ఆత్మపరీక్షయే అయ్యెను.

1886లో గురుదేవులు మహాసమాధి నొందిరి. పిమ్మట భార్యయు, పసికుమారుడును మరణించిరి. శోకము మనుష్యుని మరల పాత వ్యసనమునకే ఈడ్చు సమయమది. గిరీశుడు గణితశాస్త్రమును చేపట్టి మనస్సును కుదుటపరచుకొనెను. 1891లో నగర కోలాహలమును విడిచి జయరాంబాటి పల్లెకు పోయి, శ్రీశారదాదేవి నీడన, పొలములవెంట తిరుగుచు కొంతకాలము గడపెను. తిరిగివచ్చి 1893లో మాక్‌బెత్ నాటకము అనువదించి ప్రదర్శించెను. త్రాగుడు క్రమక్రమముగా రాలిపోయెను. 1912లో దేహము చాలించెను.

గురువు త్రాగుడును నిషేధింపలేదన్న మాటను పట్టుకొని తమ బలహీనతకు సాకు వెదకువారు కలరు. మద్యవ్యసనము నేడు వైద్యులు చికిత్స చేయు వ్యాధి. ఆ చికిత్సను కాదనుటకు ఈ చరిత్ర ఆధారము కానేరదు. వకాల్తా వ్రాసిచ్చుటకు ఒక్క దినము చాలెను; దానిని నిలుపుకొనుటకు గిరీశునకు శేషజీవితమంతయు పట్టెను.