ఊరి పాట రాసిన తకానో తత్సుయుకి

ఊరు విడిచి హాస్టల్లో చదువుకునే మాకు ఈ జపాన్ కవి జీవితం ఎంతో దగ్గరిదనిపించింది. తకానో తత్సుయుకి 1876లో నాగానో ప్రాంతంలోని ఒక కొండపల్లెలో రైతు కుటుంబంలో జన్మించారు. ఉపాధ్యాయ శిక్షణ పొంది కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పారు. తర్వాత టోక్యో చేరి, విద్యాశాఖ తరఫున బడి పాటల పుస్తకాల తయారీలో పాల్గొన్నారు.

1914లో ఆరవ తరగతి పుస్తకంలో 'ఫురుసాతో' పాట వచ్చింది. ఆ మాటకు సొంత ఊరు అని అర్థం. చిన్ననాటి కొండ, వాగు, అమ్మానాన్నల తలపు, అనుకున్నది సాధించి తిరిగి వెళ్ళాలనే కోరిక అందులో ఉన్నాయి. అయితే పుస్తకంలో కవి పేరు వేయలేదు. పాటలోనూ ఏ ఊరి పేరూ లేదు. అందుకే జపాన్‌లో ఎవరు పాడుకున్నా అది తమ ఊరే అనుకుంటారు. పాట తకానోదని, బాణీ ఒకానో తేయిచిదని లోకానికి తర్వాతే తెలిసింది.

1925లో ఆయన డాక్టరేట్ పొందారు. చివరి రోజుల్లో నాగానోకే తిరిగివచ్చి, 1947లో అక్కడే కన్నుమూశారు. 1998లో నాగానో శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఆ పాటే పాడారు.

కాలేజీల్లో తమ పల్లె పేరు చెప్పడానికి మనవాళ్ళు కొందరు వెనకాడుతుంటారు. ఏ పల్లె అయినా పాటకు తగినదేనని తకానో జీవితం మాకు నేర్పింది.